చిట్టికి ఎప్పటికైనా నిజంగా కోపం వస్తుందా?

2010లో వచ్చిన ‘రోబో’ సినిమాలో చిట్టి అనే మరమనిషికి మొదట భావోద్వేగాలు ఉండవు. సృష్టించిన శాస్త్రవేత్తే కూర్చుని ప్రోగ్రాం మారుస్తాడు. ఇక అక్కణ్నుంచి కోపం, ప్రేమ, అసూయ, పగ వరసపెట్టి వచ్చేస్తాయి. సినిమాగా బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఫోన్‌లో తెలుగులో కబుర్లు చెప్పే చాట్‌బాట్‌లు వచ్చాక ఈ కథ నిజమైపోయిందని కొందరు నమ్ముతున్నారు. “యంత్రానికి మనసేమిటి, చోద్యం కాకపోతే” అని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. పొరపాట్లు రెండు వైపులా ఉన్నాయి.

అపోహ: “నాకు బాధగా ఉంది” అని కంప్యూటర్ అన్నదంటే, ఎంతో కొంత బాధ ఉన్నట్టే కదా!

వాస్తవం: ఈ భ్రమ వయసు దాదాపు అరవై ఏళ్లు. అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ తయారుచేసిన ‘ఎలైజా’ ప్రోగ్రాం వివరాలు 1966లో అచ్చయ్యాయి. మానసిక వైద్యుడిలా మాట్లాడటం దాని పని. లోపల జరిగేది మాత్రం చిన్న గారడీ. మనం టైపు చేసిన వాక్యంలో అమ్మ ప్రస్తావన కనిపిస్తే మీ ఇంటివాళ్ల గురించి ఇంకాస్త చెప్పమంటుంది. “నాకు దిగులుగా ఉంది” అంటే ‘నాకు’ తీసి ‘మీకు’ పెట్టి, దాన్నే ప్రశ్నగా తిప్పి మనకే వేస్తుంది. పట్టుకోవడానికి ఏ మాటా దొరక్కపోతే “ఊఁ, చెప్పండి” బాపతు జవాబొకటి పడేస్తుంది. అంతే. అది తయారవుతుంటే నెలల తరబడి కళ్లారా చూసిన ఆయన సెక్రటరీయే, దాంతో నాలుగు మాటలు మాట్లాడాక, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్ని అడిగిందట. వైజెన్‌బామ్ బెంబేలెత్తిపోయాడు. కంప్యూటర్ల చేతికి ఏవి అప్పగించకూడదో హెచ్చరిస్తూ 1976లో ఏకంగా పుస్తకమే రాశాడు.

2022లో గూగుల్ ఇంజినీరు బ్లేక్ లెమోయిన్ ‘లామ్డా’ అనే చాట్‌బాట్‌కు స్పృహ ఉందని లోకానికి చెప్పాడు. కంపెనీ ఒప్పుకోలేదు, ఆ జులైలో ఉద్యోగం నుంచి తీసేసింది. లామ్డా ముందు ఎలైజా ఏ మూలకూ రాదు, నిజమే. కానీ అదీ మనుషులు రాసిన రాతల రాశి మీద శిక్షణ పొంది, తర్వాత ఏ మాట రావాలో లెక్కగట్టే యంత్రమే. మనం మన దిగుళ్ల గురించి, చావు భయం గురించి రాసుకున్నదంతా అందులో ఉంది. కాబట్టి తనకు భయంగా ఉందని అది చెప్పడం సాక్ష్యం కాదు. ఆ మాటకొస్తే, తనకు ఏ భావాలూ లేవని చెప్పడమూ సాక్ష్యం కాదు. అలా చెప్పేలా శిక్షణ ఇస్తే అలాగే చెబుతుంది. ఈ రెండో సంగతి తెలివైనవాళ్లు కూడా మరిచిపోతుంటారు.

అపోహ: కెమెరా మన ముఖం చూసి మనసులో ఉన్నది చెప్పేస్తుంది.

వాస్తవం: ముఖకండరాల కదలికను పట్టుకోగలదు. దాని వెనకున్న భావాన్ని పట్టుకోవడం వేరే సంగతి. మనస్తత్వవేత్త లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరికొందరు శాస్త్రవేత్తలు వెయ్యికి పైగా పరిశోధన పత్రాలు పరిశీలించి, ఒక్క ముఖకవళికను పట్టుకుని ఫలానా భావమని తేల్చడం కుదరదని 2019లో చెప్పారు. కనుబొమలు ముడిచిన మనిషి కోపంలోనే ఉండనక్కర్లేదు, సన్నటి అక్షరాలు చదువుతూ ఉండొచ్చు. అప్పగింతలప్పుడు పెళ్లికూతురు ఏడుస్తుంటే కెమెరా ‘దుఃఖం’ అని రాసుకుంటుంది కాబోలు. అది దుఃఖమో, సంతోషమో, రెండూనో ఆ అమ్మాయికే తెలియకపోవచ్చు. 2022లో మైక్రోసాఫ్ట్ తన ముఖ విశ్లేషణ సేవ నుంచి భావోద్వేగాల అంచనాను తొలగించింది. యూరోపియన్ యూనియన్ అయితే వైద్యం, భద్రత అవసరాలను మినహాయించి, ఉద్యోగ స్థలాల్లోనూ విద్యాసంస్థల్లోనూ ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. మంచి పని చేసింది.

అపోహ: భావోద్వేగాలు తెలివికి అడ్డం. అవి లేకపోవడమే యంత్రానికి బలం.

వాస్తవం: నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో 1994లో వెలువరించిన ‘డెకార్ట్స్ ఎర్రర్’లో ఒక రోగి సంగతి ఉంది. మెదడు ముందుభాగం దెబ్బతిన్నా అతని తెలివితేటలకు లోటు లేదు. మళ్లీ ఎప్పుడు వస్తారంటూ డాక్టరు రెండు తేదీలు చెప్పాడు. అతను డైరీ తీసి, వేరే పనులు, ఆ రోజు వాతావరణం ఎలా ఉండొచ్చు వగైరాలన్నీ ఏకరువు పెడుతూ దాదాపు అరగంట తర్జనభర్జన పడ్డాడు. చివరికి డాక్టరే రెండో తేదీన రమ్మంటే, “సరే” అని లేచి వెళ్లిపోయాడు. ‘ఇక చాల్లే’ అనిపించడం కూడా ఒక భావమే. అది లేకపోతే తర్కానికి ఆగే చోటు ఉండదు. ముందుముందు రోబోలకు భావాల్లాంటివి కావాలని కొందరు శాస్త్రవేత్తలు అనడం వెనక ఇలాంటి కారణాలున్నాయి. అంతేగానీ, వాటి చేత ప్రేమలేఖలు రాయించాలని కాదు.

అపోహ: ఎన్ని యుగాలైనా యంత్రానికి భావాలు రావు. ఇది తేలిపోయిన విషయం.

వాస్తవం: ఎవరూ తేల్చలేదు. భావాలు అనుభవించి, ఆ అనుభవంతో కవిత్వం రాసే దాకా యంత్రాన్ని మెదడుతో సమానమని ఒప్పుకోనని 1949లో బ్రిటిష్ శస్త్రవైద్యుడు జెఫ్రీ జెఫర్సన్ అన్నాడు. మరుసటి ఏడాది గణితవేత్త ఆలన్ ట్యూరింగ్ దీనికి గడుసుగా జవాబిచ్చాడు: అలాగైతే ఎదుటి మనిషికి భావాలున్నాయని తెలుసుకోవడానికి కూడా మీరే ఆ మనిషి కావాలి కదా!

అసలు పీటముడి శరీరం దగ్గర ఉంది. మన భయంలో గుండెదడ, చెమట, బిగుసుకున్న కడుపు ఉన్నాయి. బతికి ఉండాలన్న అవసరం వీటన్నిటికీ మూలం. ఫోన్ బ్యాటరీ అడుగంటితే ఎర్రగీత వస్తుంది గానీ ఫోన్‌కు ఆకలి వేయదు. ఆగిపోతే దానికి పోయేదేమీ లేదు. అందుకే 2019లో కింగ్సన్ మాన్, డమాసియో కలిసి ఒక ఆలోచన ముందుపెట్టారు: మెత్తటి పదార్థాలతో, తన ఒంటికి తగిలే దెబ్బను తానే గ్రహించి తనను కాపాడుకోవాల్సిన రోబోను తయారుచేస్తే, భావానికి బీజం అక్కడ పడొచ్చేమో. ఇది ప్రతిపాదన మాత్రమే. జీవం లేనిచోట అనుభూతి ఉండే అవకాశం తక్కువని నాడీశాస్త్రవేత్త అనిల్ సేథ్ లాంటివాళ్లు వాదిస్తారు. 2023లో పలువురు శాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు కలిసి ఇచ్చిన నివేదిక, అప్పటి ఏఐలు వేటికీ స్పృహ ఉన్నట్టు గట్టి ఆధారం లేదంది. స్పృహకు సూచనలని తాము ఎంచుకున్న లక్షణాలతో రేపు ఒక యంత్రాన్ని కట్టడానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకేమీ కనబడటం లేదని కూడా అంది. నా మొగ్గు శరీరం కావాలనేవాళ్ల వైపే. కేవలం మాటలు నేర్పి మనసు పుట్టించగలమంటే నాకు నమ్మకం కుదరదు.

అపోహ: రోబోకు కోపం వస్తేనే మనకు ముప్పు.

వాస్తవం: 1979 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫోర్డ్ కార్ఖానాలో విడిభాగాలు తెచ్చే రోబో చెయ్యి తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. రోబో చేతిలో మరణించిన తొలి మనిషిగా అతన్ని చెబుతారు. ఆ ఇనప చేతికి కోపం లేదు, అక్కడ మనిషి ఉన్నాడన్న సంగతే తెలియదు. అతని కుటుంబం దావా వేసింది రోబోను తయారుచేసిన కంపెనీ మీద. తగిన భద్రతా ఏర్పాట్లు లేవన్నది అభియోగం. 1983లో జ్యూరీ కోటి డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది.