దిగలేకపోతే ఎక్కడికి?

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌ నుంచి అట్లాంటిక్‌ సముద్రం నడుమనున్న సెయింట్‌ హెలీనా దీవికి దాదాపు 3,700 కిలోమీటర్లు. జెట్‌ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందనుకుంటే నాలుగున్నర గంటల పైచిలుకు ప్రయాణం. ఎవరైనా వేసే లెక్క ఇదే. కానీ 2017 అక్టోబరులో ఆ దీవికి రెగ్యులర్‌ సర్వీసు మొదలయ్యాక వెళ్లడానికి ఆరు గంటల పైనే పట్టేది. దారిలో నమీబియాలో దిగి ఇంధనం నింపుకొనేవారు మరి. నమీబియా ఇంచుమించు అదే దారిలో ఉంటుంది కాబట్టి చుట్టు తిరిగిందేమీ లేదు. కిలోమీటర్లు పెరగలేదు, గంటలు పెరిగాయి. మారుమూల విమానాశ్రయాల మధ్య ప్రయాణ సమయాన్ని తేల్చేది దూరం ఒక్కటే కాదు. అక్కడ దిగలేకపోతే ఇంకెక్కడ దిగాలన్న ప్రశ్న కూడా.

గన్నవరం విమానాశ్రయంలో పొగమంచు కమ్మితే విమానం కాసేపు చక్కర్లు కొట్టి హైదరాబాద్‌ వెళ్లి దిగుతుంది. ప్రయాణికులు విసుక్కుంటారు, అంతే. నెపోలియన్‌ను బందీగా ఉంచిన సెయింట్‌ హెలీనాకు ఆ వెసులుబాటు లేదు. దగ్గర్లో ఉన్న అసెన్షన్‌ దీవే సుమారు 1,300 కిలోమీటర్లు. పైగా దాని రన్‌వే దెబ్బతిని 2017లో పెద్ద విమానాలకు మూతపడింది. అప్పట్లో ఇక మిగిలిన దారి వచ్చిన తోవనే వెనక్కి పోవడం. అందుకే నమీబియాలో నింపిన ఇంధనం దీవి చేరడానికి మాత్రమే కాదు, దిగకుండా తిరిగి రావడానికి కూడా. ఇది అతి జాగ్రత్తేమీ కాదు. కొండకొమ్ము అంచున కట్టిన ఆ రన్‌వే దగ్గర గాలి ఉన్నట్టుండి దిశ, వేగం మార్చుకుంటుంది. పైలట్లు దీన్నే విండ్‌షియర్‌ అంటారు. 2016 ఏప్రిల్‌లో పరీక్ష కోసం వచ్చిన బోయింగ్‌ 737 మూడో ప్రయత్నంలో గానీ దిగలేకపోయింది. ప్రారంభోత్సవం వాయిదా పడింది. ఆ దీవి గాలుల ఉద్ధృతిని 1836లోనే చార్లెస్‌ డార్విన్‌ రాసిపెట్టాడు. ఇంజినీర్లు చదివారో లేదో!

ఇంజిన్లు ఇప్పుడు ఎంతో నమ్మకమైనవి కదా అనవచ్చు. నిజమే. ఒక ఇంజిన్‌ ఆగినా రెండోదానితో మూడు గంటలు, అంతకుమించి ఎగిరే అనుమతులు జంట ఇంజిన్ల విమానాలకు ఉన్నాయి. అయితే అవి ఇంజిన్‌ చెడితే ఆదుకుంటాయి గానీ, గమ్యం మీద గాలి చెడితే రన్‌వేను తెచ్చి ఇవ్వలేవు. సెయింట్‌ హెలీనా రన్‌వే 1,950 మీటర్లే, పొడుగ్గా కట్టి ఉంటే సరిపోయేదన్న వాదన ఇంకాస్త గట్టిది. దానికి ఈస్టర్‌ దీవే సమాధానం. చిలీ రాజధాని శాంటియాగో నుంచి అదీ దాదాపు అంతే దూరం, 3,750 కిలోమీటర్లు. రన్‌వే మాత్రం 3,300 మీటర్లకు పైనే. స్పేస్‌ షటిల్‌కు అత్యవసరంగా పనికొస్తుందని 1980ల్లో నాసా దాన్ని పొడిగించింది. అయినా ముందు వెళ్లిన విమానం దిగేదాకా వెనకాల వచ్చేది ఒక హద్దు దాటకూడదు. ఉన్న ఒక్క రన్‌వే మీద మొదటి విమానం ఆగిపోతే రెండోదానికి సముద్రమే దిక్కు. రన్‌వే పొడవు ఈ చిక్కును తీర్చలేదు, రెండో విమానాశ్రయం ఒక్కటే తీర్చగలదు.

పోనీ దూరం మరీ తక్కువైతే? స్కాట్లండ్‌ ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రేల మధ్య 2.7 కిలోమీటర్లే. విమాన టైంటేబుల్లో రెండు నిమిషాలు, గాలి కలిసొచ్చినప్పటి రికార్డు 53 సెకన్లు. అక్కడా దూరం సగం కథే చెబుతుంది.

కాబట్టి ఇలాంటి మారుమూల దీవులకు టికెట్‌ కొనేవారు స్క్రీన్‌ మీద కనిపించే కిలోమీటర్లను, గంటలను నమ్మి, తిరిగొచ్చిన రోజే మరో విమానం అందుకునేలా బుక్‌ చేసుకోవద్దు. మధ్యలో కనీసం ఒక రోజు వదిలిపెట్టండి.