ముక్కుప్రక్క గదులలో రాచపుండు

విద్యార్థులారా, మీలో జలుబు చేయనివారు ఒక్కరును లేరు. కార్తికమాసపు వానలు పట్టినవనిన, మన తరగతులలో పాఠములకంటె తుమ్ములే ఎక్కువగా వినబడును. అట్టి జలుబును జూచి ఎవరును భయపడనక్కరలేదు. ఐనను, జలుబు వేషము వేసికొని వచ్చు ఒక కఠినవ్యాధి కలదు. అది ఎంత అరుదైనదో, అది సోకినవారి గతి ఏమగునో, ఆ గతి దేనిపై ఆధారపడి యుండునో తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన ముఖములోని ఎముకలు రాతివలె లోపల నిండుగా నుండవు. చెక్కిళ్లలో రెండు పెద్దవియు, కన్నుల నడుమ చిన్నవి కొన్నియు, నుదుటను, ముక్కువెనుక లోతునను మరికొన్నియు గాలిగదులు కలవు. వైద్యులు వీనిని సైనసు లందురు. ఇవి అన్నియు సన్నని ద్వారములచే ముక్కుతో కలిసి యున్నవి. చెక్కిలి గదికి పైకప్పు కంటిగూడు, నేల పైదవడ, లోపలి గోడ ముక్కు. ఈ ఇరుగుపొరుగును జ్ఞాపకముంచుకొనుడు. రోగలక్షణములలో పెక్కులు దీనినుండియే తెలియును.

ఈ గదులలో గాని ముక్కులో గాని రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టుట మిక్కిలి అరుదు. ఏటికి లక్షమందిలో ఒకరికంటె తక్కువమందికే ఇది కనబడును. అనగా ఏబదివేల జనము గల ప్రాంతములో రెండేండ్లకు ఒక్కరికి వచ్చిన అదియే ఎక్కువ. తల, మెడ భాగములలో పుట్టు రాచపుండ్లు నూరు లెక్కించిన, వానిలో ఇవి మూడు మొదలు అయిదు వరకు మాత్రమే యుండును. గాలిగదులలో పుట్టువానిలో అధికభాగము చెక్కిలి గదియందే పుట్టును. ఏబదియేండ్లు దాటినవారికిని, స్త్రీలకంటె పురుషులకును ఎక్కువగా వచ్చును.

అయితే అరుదు అను మాట అన్నిచోట్లను అందరికిని ఒకటే కాదు. ఇంగ్లాండులోని హై వికోమ్ అను పట్టణము కుర్చీలు, బల్లలు చేయుటకు ప్రసిద్ధి. 1960 ప్రాంతముల అచ్చటి వైద్యురాలు ఎస్మే హాడ్‌ఫీల్డ్, తన యొద్దకు ఈ రోగముతో వచ్చువారిలో పెక్కురు కొయ్యపనివారే యగుట గమనించెను. లోకమున కెల్ల అరుదైన వ్యాధి ఆ పనివారిలో అంత అరుదు కాకపోయెను. కొయ్యపొడి ఏండ్ల తరబడి ముక్కులో చేరుటయే కారణమని తేలెను. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ కొయ్యపొడిని రాచపుండు కారకముల జాబితాలో చేర్చినది. తోలుపొడియు, పొగాకును ఈ రోగమునకు కారణము లగును. మన నెల్లూరుసీమలో ఉదయగిరి కొయ్యగరిటెలు పేరుపొందినవి. వడ్రంగులు ప్రతి యూరను కలరు. వారు భయపడి పని మానవలెనని నా భావము కాదు. రంపము పట్టునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుట, గాలి వచ్చు చోట పనిచేయుట మేలు.

మన తెలుగుతీరముననే ఇట్టి మరియొక ఉదాహరణము కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములలో చుట్టను నిప్పుకొన నోటిలో నుంచి కాల్చు అలవాటు, ముఖ్యముగా స్త్రీలలో, ఉండెను. దీనిని అడ్డపొగ అందురు. అంగిలి ముక్కునకు నేల వంటిది. ఆ నిప్పువేడికి అంగిలియందు రాచపుండు పుట్టును. పిండ్‌బోర్గ్ అను వైద్యుడును ఆయన సహచరులును 10,169 మంది పల్లెవారిని పరీక్షించి, 1971లో దీనిని గూర్చి వివరముగా ప్రకటించిరి. ఇతర దేశములలో అరుదుగా కనబడు అంగిలి పుండు, ఒక్క అలవాటు వలన ఈ పల్లెలలో తరచైనది.

ఇక ఈ రోగము సోకినవారి గతి యేమి? అందరిని కలిపి చూచినచో, అయిదేండ్ల పిదప బ్రతికి యుండువారు సుమారు సగము మంది. కాని ఈ సగము అను మాట మనలను మోసగించును. పుట్టిన చోటనే యుండగా రోగము పట్టుబడినవారిలో, అమెరికా లెక్కల ప్రకారము, నూటికి ఎనుబదిమందికి పైగా అయిదేండ్లు దాటుదురు. కంటిగూటికో, మెదడు వైపునకో ప్రాకిన పిమ్మట వచ్చినవారి సంఖ్య అంతకు చాల తక్కువ. దురదృష్టవశమున అధికులు ఆలస్యముగానే వత్తురు. గది ఖాళీగా నుండుటచే, పుండు అది నిండువరకు నొప్పి లేకయే పెరుగును.

మా పెదనాయన వడ్రంగి. ఆయనకు ఎడమ ముక్కు మాత్రమే మూసికొనిపోవుచుండెను. అప్పుడప్పుడు నెత్తురుచార కనబడెను. జలుబే యనుకొంటిమి. పైదవడ పన్ను కదలగా దానిని పెరికించితిమి. ఆ గుంట మానలేదు. పంటిని చూచినవారు ముక్కును గూర్చి అడుగలేదు, మేమును చెప్పలేదు. ఇట్లు ఎనిమిది నెలలు గడిచెను. తుదకు చెక్కిలి ఉబ్బి తిమ్మిరెక్కగా పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోతిమి. శస్త్రచికిత్స చేసి, ఆ పిమ్మట కిరణచికిత్స యిచ్చిరి. అంగిలిలోని లోటును పూడ్చుటకు పలక నమర్చిరి. దానితో ఆయన అన్నము తిని, మాటలాడి, నాలుగేండ్లు మా మధ్య నుండెను. ఆ నాలుగేండ్లకు కృతజ్ఞుడను; పోయిన ఎనిమిది నెలలను మాత్రము మరువజాలను.

కావున తలిదండ్రులకు నా మనవి. జలుబు సాధారణముగా రెండు ముక్కులకును వచ్చి, కొలదిదినములలో పోవును. ఒక ప్రక్కనే ముక్కు మూసికొనుట, ఆ ప్రక్కనే నెత్తురు కలిసిన చీమిడి వచ్చుట, కారణము లేక పైపండ్లు కదలుట, చెక్కిలి తిమ్మిరెక్కుట, ఒక కన్ను ముందునకు వచ్చుట, ఒక వస్తువు రెండుగా కనబడుట, వీనిలో ఏదైనను మూడువారములు నిలిచినచో చెవి ముక్కు గొంతు వైద్యుని కడకు పోవలెను. కంటి లక్షణములకైతే అంతవరకు ఆగరాదు. వైద్యుడు సన్నని గొట్టముతో లోపల చూచి, అవసరమైన పటము తీయించి, చిన్నముక్క తీసి పరీక్షింపజేయును. చాలమందికి ఇది రాచపుండు కాదనియే తేలును. ఆ మాట విని వచ్చుటయు లాభమే. అవుననిన, గూడూరులో రైలెక్కినవారికి చెన్నపట్టణము కొలదిగంటల దూరము. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి 1954లో స్థాపించిన అడయారు క్యాన్సరు ఆసుపత్రి అచ్చటనే యున్నది.

విద్యార్థులారా, ఇంట తాతయో, అవ్వయో, "జలుబేలే" అని నెత్తురుగుడ్డను దాచినప్పుడు, చూచునది తరచుగా మీరే. చూచిన సంగతి ఆనాడే పెద్దలతో చెప్పుడు.