నారి కురుపును వడగట్టిన గుడ్డ

పిల్లలూ, కొళాయి దగ్గర బిందెలు పట్టుకునే మీకు దిగుడు బావి సంగతి తెలియకపోవచ్చు. మన కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. అందుకే పెద్దలు నేలను లోతుగా తవ్వి రాతిమెట్లు కట్టారు. నీళ్లు ఎంత కిందికి పోతే మనుషులూ అంత కిందికి దిగి ముంచుకునేవాళ్లు. దిగినవాళ్ల కాళ్లూ ఆ నీళ్లలోనే, బిందే ఆ నీళ్లలోనే. నారి కురుపు అనే రోగానికి అంతకంటే ఏం కావాలి?

కాలి మీద బొబ్బ లేచి భగభగ మండేది. అది చిట్లితే తెల్లటి పురుగు కొస కనబడేది. ఆ పురుగు మీటరు పొడవు దాకా ఉంటుంది. లాగితే తెగిపోతుంది, తెగితే లోపల చీము పడుతుంది. అందుకని చిన్న పుల్లకు చుట్టుకుంటూ రోజుకింత చొప్పున వారాల తరబడి బయటికి తీసేవాళ్లు. అన్నాళ్లూ ఆ మనిషి మంచం దిగేది లేదు, మడక పట్టేది లేదు.

మంటకు తాళలేక ఆ కాలు బావిలో పెడితే చాలు, పురుగు తన పిల్లలను వేలకు వేలు నీళ్లలోకి వదిలేది. వాటిని సైక్లాప్స్ అనే జీవి తింటుంది. బావినీళ్లు గాజుగ్లాసులో పోసి ఎండకు పెట్టి చూస్తే, ఆవగింజను మించని చుక్కలు ఉండుండి ఎగిరిపడుతుంటాయే, అవే. దానికున్నది ఒకటే కన్ను. నీళ్లలో తేలుతూ బతికే ఇలాంటి జీవులన్నిటినీ కలిపి ప్లవకాలంటారు. సైక్లాప్స్ కడుపులో రెండు వారాలు ఎదిగిన పురుగుపిల్ల, ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లోకి చేరి, ఏడాది తర్వాత కాలిలోంచి బయటపడేది. ఈ గుట్టును 1870 ప్రాంతాల్లో ఫెద్చెంకో అనే రష్యా శాస్త్రవేత్త పట్టుకున్నాడు.

ఈ రోగానికి మందు లేదు, టీకా లేదు. 1984లో దేశంలో దాదాపు 40 వేల మంది దీంతో బాధపడ్డారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రాల్లో ఉండేది. అయినా గెలిచాం! సైక్లాప్స్ కంటికి ఆనేంత పెద్దది కాబట్టి సన్నని బట్టలోంచి దూరలేదు. బిందె మూతికి గుడ్డ కట్టి నీళ్లు వడగట్టమని ఊరూరా చెప్పారు. బావుల్లో సైక్లాప్స్‌ను చంపే మందు వేశారు, మెట్లు మూసి చేదబావులు చేశారు, చేతిపంపులు వేశారు. 1996లో రాజస్థాన్‌లో చివరి కేసు కనబడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలో ఈ రోగం లేదని ప్రకటించింది.

అలాగని సైక్లాప్స్ మీద పగ పెట్టుకోకండి. అది నీటిలోని నాచును తింటుంది, దాన్ని చేపపిల్లలు తింటాయి. వియత్నాంలో డెంగీ దోమ పిల్లలను తినడానికి నీళ్ల తొట్లలో దాన్ని కావాలనే వేశారు. ఏ జీవి ఎక్కడ ఏం చేస్తుందో తెలుసుకోవడమే నీటి శాస్త్రం.

ఇప్పుడు మనది బోరునీళ్ల కాలం. అందులో సైక్లాప్స్ ఉండదు గానీ, లోతు రాళ్లలోంచి ఫ్లోరైడ్ కరిగి వస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర. దాన్ని గుడ్డ ఆపలేదు. కాచితే నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. 1995లో సత్యసాయి ట్రస్టు మన జిల్లాలో వందల ఊళ్లకు మంచినీటి పథకం కట్టించిందంటే ఈ బాధ ఎంతటిదో తెలుస్తుంది. విరేచనాలు తెచ్చే బాక్టీరియాదీ వేరే లెక్క. అది గుడ్డలోంచి దూరిపోతుంది, దానికి కాచడమో క్లోరిన్ వేయడమో చేయాలి.

తేటగా ఉన్నవన్నీ మంచినీళ్లు కావు. ఒక్కో చెడుకు ఒక్కో పరీక్ష, ఒక్కో విరుగుడు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్పే ఏర్పాటు ఉంది. మీ ఊళ్లో వాళ్లెవరో కనుక్కోండి. మనం తాగే నీళ్లను ఎప్పుడు పరీక్షించారు, ఏం తేలింది అని పంచాయతీలో అడగండి. చిన్నపిల్లలమని వెనకాడకండి, తాగేది మీరే కదా!