పాత ఇన్నోవాను అమ్మాలా, ఉంచుకోవాలా?

2005లో క్వాలిస్ స్థానంలో వచ్చిన డీజిల్ ఇన్నోవా తిరుపతి ప్రయాణాలకూ పెళ్లిళ్లకూ ఇంటి మనిషిలా అలవాటైపోయింది. మీటరు లక్షలు దాటగానే అమ్మేయమంటారు చాలామంది. తొందరపడొద్దనే నా మాట. ఈ 2.5 లీటర్ల ఇంజిన్ వయసు కంటే నిర్లక్ష్యంతోనే ఎక్కువ చెడుతుంది. టైమింగ్ బెల్టునే చూడండి: గడువు దాటినా మార్చకుండా నడిపితే ఏదో ఒకరోజు పుటుక్కున తెగుతుంది, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, బెల్టు ఖర్చుతో పోయేది ఇంజిన్ విప్పేదాకా వస్తుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి వంపితే, నీరుంటే డీజిల్ కింద వేరుగా తేరుకుని కనిపిస్తుంది. ఆ నీటిని వదిలేస్తే ఖరీదైన ఇంజెక్టర్లు పాడవుతాయి.

మరి పొగ సంగతేమిటని అడగడం న్యాయమే. కొత్త బీఎస్-6 బండి కంటే ఇది ఎక్కువ మసి వదులుతుంది, కాదనలేం. రోజూ నగర ట్రాఫిక్‌లో తిప్పేవాళ్లు మార్చేయడమే మంచిది. అప్పుడప్పుడు కుటుంబమంతా కలిసి ఊరెళ్లేవాళ్ల లెక్క వేరు. సొంత బండికి 15 ఏళ్లు నిండాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఆర్‌సీని ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఛాసిస్‌కు తుప్పు లేకుండా, కంప్రెషన్ బాగుంటే ఆ ఖర్చు పెట్టొచ్చు. నల్లపొగ కనిపిస్తే మాత్రం ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత ఇంజెక్టర్లు చూపించండి.