దీపం ఆరితే రైలు ఉన్నట్టే: అట్టముక్క మీద ట్రాక్ సర్క్యూట్

సోల్డరింగ్ అక్కర్లేదు, గోడకున్న ప్లగ్గు జోలికి పోనక్కర్లేదు. అట్టముక్క మీద వంటింటి అల్యూమినియం ఫాయిల్ పట్టీలు అంటించి, ఒక చివర బటన్ సెల్, రెండో చివర చిన్న ఎల్‌ఈడీ పెడితే దీపం వెలుగుతుంది. కాగితం సర్క్యూట్ అంటే ఇంతే. దీంతో పిల్లల చేత ఎక్కువగా పువ్వు మధ్య దీపం వెలిగే గ్రీటింగ్ కార్డు చేయిస్తుంటారు. బిలాస్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లో అంతకంటే మంచి నమూనా కళ్లెదుటే ఉంది. అది రైలు పట్టాల జత.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, 2003లో మొదలైన ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. కోర్బా గనుల బొగ్గు మోసే గూడ్సు బళ్లు ఈ దారిన నడుస్తూనే ఉంటాయి. బిలాస్‌పూర్, వాల్తేరు ఒకప్పుడు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కిందే ఉండేవి. ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాలకు సిగ్నల్, గార్డు, లోకో అన్నవి ఇంటి మాటలే. అయినా ఆ ఇళ్లలోని పిల్లలకు కూడా వెంటనే జవాబు తట్టని ప్రశ్న ఒకటుంది. మలుపు అవతల పట్టాల మీద రైలు ఆగి ఉందని సిగ్నల్‌కు ఎలా తెలుస్తుంది?

దీనికి 1872లో అమెరికాకు చెందిన విలియం రాబిన్సన్ చూపిన మార్గం ట్రాక్ సర్క్యూట్. పట్టాలను కొంత దూరానికి ఒక భాగంగా విడదీసి, భాగానికీ భాగానికీ మధ్య కరెంటు దాటని అతుకులు వేస్తారు. భాగానికి ఒక చివర బ్యాటరీ, రెండో చివర రిలే ఉంటాయి. పట్టాలు ఖాళీగా ఉన్నంతసేపు కరెంటు ఒక పట్టా మీదుగా వెళ్లి, రిలేను పట్టి ఉంచి, రెండో పట్టా మీదుగా తిరిగి వస్తుంది. రైలు రాగానే ఇనుప చక్రాలు, ఇరుసు కలిసి రెండు పట్టాలనూ కలిపేస్తాయి. కరెంటు ఆ దగ్గర దారినే తిరిగిపోతుంది. రిలేకు అందదు, అది పట్టు వదిలేస్తుంది, సిగ్నల్ ఎరుపు చూపిస్తుంది.

దీన్ని అట్ట మీదకు తేవడానికి కావలసినవి: 3 వోల్టుల సీఆర్2032 సెల్, ఎర్ర ఎల్‌ఈడీ, 100 ఓంల రెసిస్టర్, ఫాయిల్, సెల్లో టేపు, బట్టలు ఆరేసే ప్లాస్టిక్ క్లిప్పు, ఒక ఇనుప మేకు. రెసిస్టర్ మీద వరుసగా గోధుమ, నలుపు, గోధుమ రంగు గీతలుంటే అది 100 ఓంలది.

అట్ట మీద సెంటీమీటరు ఎడంలో, 12 సెంటీమీటర్ల పొడవున రెండు ఫాయిల్ పట్టీలు అంటించాలి. పట్టీ మధ్యలో తెగకూడదు. ముక్కలు కలపాల్సి వస్తే వాటి మధ్య జిగురు రానివ్వకూడదు, అది కరెంటును ఆపుతుంది. సెల్‌ను ప్లస్ గుర్తు పైకి ఉండేలా కింది పట్టీ చివర పెట్టాలి. అయితే సెల్ అంచు కూడా ప్లస్సే. అందుకని దాని కింద ఉండే ఫాయిల్ వెడల్పు సెంటీమీటరు మించకూడదు, అంచును అసలు తాకకూడదు. ఈ పని చేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అట్ట మూల మడిచి, లోపలి వైపు చిన్న ఫాయిల్ ముక్క అంటించి, సెల్ పైభాగం మీద వాల్చి క్లిప్పు పెట్టాలి. ఆ ముక్కకూ పై పట్టీకీ మధ్య రెసిస్టర్‌ను టేపుతో బిగించాలి. రెండో చివర ఎల్‌ఈడీ పొడవాటి కాలు పై పట్టీకి, పొట్టి కాలు కింది పట్టీకి. కాళ్లు తారుమారైతే వెలగదు, తిప్పి పెడితే సరిపోతుంది.

దీపం వెలిగాక మేకును రెండు పట్టీల మీదా అడ్డంగా పెట్టి నొక్కితే ఎల్‌ఈడీ ఆరిపోతుంది. తీస్తే మళ్లీ వెలుగుతుంది. మేకు ఇక్కడ రైలు ఇరుసు, ఎల్‌ఈడీ రిలే. మామూలుగా తప్పుగా చెప్పుకునే షార్ట్ సర్క్యూట్, ఈ ఒక్కచోట కావాలని చేసే పని. బ్యాటరీ అతిగా ఖర్చవకుండా అసలు ట్రాక్ సర్క్యూట్‌లోనూ బ్యాటరీ వైపు ఒక రెసిస్టెన్సు ఉంటుంది. అట్ట మీది రెసిస్టర్ పనీ అదే. అయినా మేకును రెండు మూడు సెకన్లకు మించి ఉంచకపోవడం మంచిది.

ఇప్పుడు మేకు తీసేసి ఒక పట్టీని కత్తెరతో కోస్తే? దీపం ఆరుతుంది. సెల్ తీసేస్తే? ఆరుతుంది. తీగ ఊడినా అంతే. గ్రీటింగ్ కార్డు చేసే పిల్లలకు ఆరిన దీపం అంటే పని చెడినట్టు. సిగ్నల్ ఇంజనీరుకు మాత్రం అది ఆగమని చెప్పే సూచన. రైలు ఉన్నా, పట్టా విరిగినా, బ్యాటరీ అయిపోయినా జవాబు ఒకటే: ఎరుపు. అనుమానం ఉంటే ఆపడం అన్న ఈ ఏర్పాటులో ఉన్న తెలివి, పట్టీ కోసి చూసినప్పుడు తెలిసినంతగా బొమ్మ చూస్తే తెలియదు.

తీగ ఊడితే సర్క్యూట్ తనే చెబుతుంది. తీగ తప్పు చోట కలిస్తే అలా చెప్పకపోవచ్చు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్ స్టేషన్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి వెళ్లి, ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన పొరపాట్లు, తీగలకు తప్పుగా రాసిన పేర్లు రైల్వే భద్రతా కమిషనర్ విచారణలో బయటపడ్డాయి. అట్ట మీద ప్రతి పట్టీ పక్కనా ప్లస్, మైనస్ రాయించడం ఉపాధ్యాయులు వదలకూడని పని.

ఇంకో జాగ్రత్త సెల్ గురించి. బటన్ సెల్ మింగితే గొంతు లోపల రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోవచ్చు. మింగారన్న అనుమానం ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పని కాగానే సెల్ తీసి, చిన్నపిల్లలకు అందనిచోట పెట్టాలి. పాతవాటిని రెండు వైపులా టేపు అంటించాకే పారేయాలి.

ఒక భాగం కుదిరాక, అదే అట్ట మీద రెండు మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, వేరే సెల్, వేరే ఎల్‌ఈడీతో రెండో భాగం వేయవచ్చు. ఆ ఖాళీయే కరెంటు దాటని అతుకు. మేకును మొదటి భాగం నుంచి రెండోదానికి జరుపుకుంటూ పోతే దీపాలు వరుసగా ఆరి, వెనుక మళ్లీ వెలుగుతాయి. రైలు ఎక్కడుందో ఆ చీకటే చూపిస్తుంది. నేడు చాలాచోట్ల భాగంలోకి వచ్చిన ఇరుసులను, బయటికి పోయినవాటిని లెక్కపెట్టి సరిచూసే యాక్సిల్ కౌంటర్లు ఈ పని చేస్తున్నాయి. అట్ట మీద వాటిని చేయాలంటే ఫాయిల్ చాలదు, లెక్కపెట్టే చిప్ కావాలి.