భారమునకు తగిన తీగ

పిల్లకాలువలోనికి పెద్దకాలువ నీటిని విడిచినచో గట్లు తెగును. సన్నని తీగలో మితిమీరిన విద్యుత్తు ప్రవహించినచో ఆ తీగ కాలును. గట్టు తెగుట ఊరందరికిని కనబడును; గోడలో దాగిన తీగ కాలుట ఎవరికిని కనబడదు. కావున తీగను బిగించుటకు పూర్వమే దాని లావును నిర్ణయింపవలెను.

ప్రతి తీగయు విద్యుత్ప్రవాహమునకు కొంత నిరోధము చూపును. అందువలన వేడి పుట్టును. ఆ వేడి ప్రవాహము యొక్క వర్గమునకు అనుపాతముగా నుండునని జేమ్స్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1841లో ప్రకటించెను. అనగా ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. తీగ పొడవు పెరిగినకొలది నిరోధము పెరుగును. లావు పెరిగినకొలది తగ్గును.

ఒక ఉదాహరణము చూతము. మన ఇండ్లకు విద్యుత్తు 230 వోల్టుల వద్ద వచ్చును. 3,000 వాట్ల గీజరు పనిచేయుటకు, 3,000ను 230చే భాగింపగా, సుమారు 13 ఆంపియర్లు కావలెను. గీజరు 20 మీటర్ల దూరమున నున్నచో, పోవు తీగయు వచ్చు తీగయు కలిసి 40 మీటర్లగును. దీపములకు వాడు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగనే దానికిని వేసినచో, తీగలోనే సుమారు 80 వాట్లు వేడిగా మారును. 4 చదరపు మిల్లీమీటర్ల తీగయైనచో ఆ నష్టము సుమారు 30 వాట్లే. సన్నతీగ వెంటనే కాలకపోవచ్చును. కాని దినదినము వేడెక్కి దాని పైతొడుగు పెళుసుబారును. పిమ్మట 1,000 వాట్ల ఇస్త్రీపెట్టెను కూడ అదే తీగకు తగిలించినచో ప్రవాహము 17 ఆంపియర్లు దాటును. ప్రమాదమునకు ద్వారము తెరచుట యన్న నిదియే.

అందుచేత ఒక తీగపై నడచు పరికరములన్నిటి వాట్లను కూడి, తీగ పొడవును కొలిచి, పిమ్మట లావు నెన్నుకొనవలెను. సాధారణముగా దీపములకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరులకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలను వాడుదురు. పెక్కు తీగలు ఒకే గొట్టములో ఇరుకుగా నున్నచో వేడి బయటికి పోజాలదు. అప్పుడు ఇంకను లావైన తీగ అవసరము. రాగికంటె అల్యూమినియమునకు నిరోధ మెక్కువ గావున దానికిని అట్లే.

తీగకు కావలివాడు ఫ్యూజు. అది తీగకంటె ముందుగా తెగవలెను. మాటిమాటికి తెగుచున్నదని కొందరు ఫ్యూజులో లావుతీగను కట్టుదురు. అప్పుడు ఫ్యూజు నిలుచును, ఇల్లు కాలును! ఫ్యూజుకు బదులుగా ఎం.సి.బి. నమర్చిన ఇండ్లకును ఇదే నియమము. ఫ్యూజు తెగుట లోపము కాదు, హెచ్చరిక. ఆ హెచ్చరికను విని, తెలిసిన పనివానిచే తీగను పరీక్షింపించుట వివేకవంతుల లక్షణము.