సిజేరియను కాన్పు: ప్రమాణ విచారము



తర్కశాస్త్రమున ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు. నేను వైద్యుడను గాను. తర్కము చదివి, బడిలో పాఠములు చెప్పి విశ్రమించినవాడను. “మా గురువుగా రిట్లు చేసెడివారు” అను శబ్దప్రమాణముతోనే తృప్తినొందక, శస్త్రవైద్యులు తమ పద్ధతులను ప్రత్యక్షపరీక్షకు బెట్టిన వైనమును నేడు మనవి చేసెదను.

మనవారు పెద్ద ఆపరేషను అనెడి సిజేరియనులో తల్లి కడుపును, గర్భాశయమును కోసి శిశువును దీయుదురు. పూర్వము గర్భాశయపు కోతను కుట్టకయే విడుచుచుండిరి. రక్తస్రావముచేతను, చీము పట్టుటచేతను తల్లులు పెక్కండ్రు మరణించుచుండిరి. 1882లో జర్మనీదేశమున సెంగర్ అను వైద్యుడు గర్భాశయమును జాగ్రత్తగా కుట్టు విధానమును ప్రకటించెను. 1926లో మన్రో కెర్ అను గ్లాస్గో వైద్యుడు, పైభాగమున నిలువుగా గాక క్రిందిభాగమున అడ్డముగా కోయుట మేలని వాదించెను. అచట గోడ పలుచన, రక్తస్రావము తక్కువ, మరుసటి కాన్పులో మచ్చ చిట్లుట అరుదు.

అంతట వేరు సందేహములు పుట్టెను. కుట్టు ఒక వరుస చాలునా, రెండు కావలెనా? గర్భాశయమును వెలికి దీసి కుట్టవలెనా, లోపలనే యుంచి కుట్టవలెనా? వైద్యుడే యేర్పరచినచో సులభమైన కాన్పులన్నియు తనకు నచ్చిన పద్ధతికే చేరవచ్చును గదా! కావున ఎవరి కే పద్ధతియో చీటీలు వేసినట్లు నిర్ణయించి, ఫలితములను పోల్చిరి. 2013లో ప్రకటింపబడిన కొరోనిస్ పరీక్షలో మనదేశముతో గూడ 7 దేశముల స్త్రీలు సుమారు 16,000 మంది చేరిరి. పై రెండు ప్రశ్నలందును ఏ పక్షమునకును ఆధిక్యము కనబడలేదు. మూడేండ్ల పిదప ఆ తల్లులను విచారించి 2016లో ప్రకటించినదియు నిదియే.

మఱి భేదము గలవి యేవి? మొదటిది, చీము పట్టకుండ జేయు యాంటీబయాటిక్ మందు. శిశువునకు జేరునను శంకచే దీనిని బొడ్డు కోసిన పిదప నిచ్చెడివారు. చర్మము కోయుటకు ముందే యిచ్చినచో తల్లికి చీము పట్టుట తగ్గుననియు, శిశువునకు హాని కానరాలేదనియు పరీక్షలవలన తేలినది. రెండవది, మాయను చేయి పెట్టి ఒలుచుటకన్న బొడ్డుత్రాడును మెల్లగా లాగి వెడలించుట మేలు. దానిచే రక్తనష్టమును, చీమును తగ్గును.

పెద్దలైన మీరు చేయదగిన పని యొకటి కలదు. చర్మముపై మచ్చ అడ్డముగా నున్నను లోపలి కోత నిలువుది కావచ్చును; పైమచ్చను జూచి లోపలిదానిని ఊహింపరాదు. నిలువుకోత గల తల్లికి మరుసటి నొప్పులలో గర్భాశయము పగులు భయ మెక్కువ. కావున ఆసుపత్రి విడుచునాడు గర్భాశయము నెట్లు కోసిరో అడిగి వ్రాయించుకొని, ఆ కాగితమును ఇంటి పత్రములతో భద్రపరచి, తరువాతి గర్భమున మొదటిమారే వైద్యులకు జూపుడు. అప్పుడది యామెపట్ల ప్రమాణమగును.